పండుగ ముందా, పరిశుద్ధాత్మ ముందా? సండే స్కూల్లో ఒక పిల్లాడి ప్రశ్న

అరండల్‌పేట టీచర్ (గుంటూరు)
అందరికీ వందనాలు. మా లూథరన్ సంఘంలో సండే స్కూల్ చెబుతుంటాను. మొన్న అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం మొదలుపెట్టాను. "పెంతెకొస్తను పండుగదినము వచ్చినప్పుడు అందరు ఒకచోట కూడియుండిరి" అని చదివానో లేదో, ఆరో తరగతి పిల్లాడు చెయ్యెత్తాడు.

"టీచర్, పరిశుద్ధాత్మ దిగిన రోజునే కదా పెంతెకొస్తు అంటాం. మరి ఆత్మ ఇంకా రాకముందే అది పండుగ ఎలా అయింది?"

ఇరవై ఏళ్ళుగా చదువుతున్న వచనం. ఒక్కసారి కూడా నాకు ఆ అనుమానం రాలేదు. "వచ్చే వారం చెబుతాను, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు గానీ వదిలేలా లేడు. యూదుల పండుగ అని ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. తర్వాతి ప్రశ్న "వాళ్ళకెందుకు పండుగ?" అని వస్తుంది, నాకు తెలుసు వాడి సంగతి. కొంచెం సాయం చేయండి.

పటమట ప్రభు (విజయవాడ)
సిస్టర్, పెంతెకొస్తు అనేది గ్రీకు మాట. యాభయ్యవది అని అర్థం. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన గుర్తుగా యూదులు చేసే పస్కా పండుగ నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, ఆ మర్నాడు యాభయ్యో రోజున చేసే పండుగ. హెబ్రీలో దాని పేరు షావూఓత్, అంటే వారాలు. మన బైబిల్లో "వారముల పండుగ" అని ఉంటుంది. లేవీయకాండము 23, ద్వితీయోపదేశకాండము 16 చదవండి, సరిపోతుంది.

తెనాలి రైతుబిడ్డ
ప్రభు గారు చెప్పింది నిజమే, కానీ ఆరో తరగతి పిల్లాడికి లేవీయకాండం చదివి వినిపిస్తే నిద్రపోతాడండీ. కోత నుంచి మొదలుపెట్టండి.

ఆ దేశంలో పస్కా రోజుల్లో యవలు కోతకొస్తాయి. మొదటి కోతలో ఒక పన తెచ్చి యాజకుడికి ఇస్తే, ఆయన దాన్ని దేవుడి ముందు అటూ ఇటూ అల్లాడిస్తాడు. మన తెలుగు బైబిల్లో "పన" అనే రాశారు చూడండి, మా పొలాల్లో కోసి పరిచిన వరికి మేమనే మాటే అది. తర్జుమా చేసినవాళ్ళెవరో గానీ చేలో నడిచిన మనుషులే అయ్యుండాలి. ఆ రోజు నుంచి లెక్క మొదలు. ఏడు వారాలు గడిచేసరికి గోధుమలు కూడా కోతకొస్తాయి. అప్పుడు కొత్త గోధుమపిండితో రెండు రొట్టెలు చేసి తీసుకెళ్ళాలి. అదే పెంతెకొస్తు.

ఒక విశేషం. పస్కాకు పులియని రొట్టె, పులిసిన పిండి ఇంట్లోనే ఉండకూడదు. యాభై రోజుల తర్వాత తెచ్చే ఈ రెండు రొట్టెలు మాత్రం పులిసినవే కావాలి. మొదటిది ఐగుప్తు నుంచి పరుగున బయల్దేరిన రాత్రి తిండి. రెండోది సొంత చేను కోసుకుని, పిండి పులిసేదాకా ఆగి, నింపాదిగా కాల్చుకున్న తిండి. ఇది నా వివరణ, ఎవరైనా పండితులుంటే దిద్దండి.

మన చర్చిల్లో కోత పండుగ చేస్తాం కదా. బియ్యం బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం, ఆరాధనయ్యాక వేలం పాట. మా ఊళ్ళో ఒకసారి ఒకే సొరకాయను ముగ్గురు పాడి, పాడినవాళ్ళు మళ్ళీ చర్చికే ఇచ్చేసి నాలుగుసార్లు అమ్మారు. దాన్ని గుర్తుచేస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే మనకు పెంతెకొస్తు వచ్చేది ఎండాకాలం. రోహిణి కార్తె ఎండల్లో మన చేలల్లో ఏముంటుంది, నెర్రెలు తప్ప. అందుకే కోత సంగతి మనకు తట్టదు.

కృష్ణలంక వాసి
నేను క్రిస్టియన్ని కాదు, ఆసక్తికొద్దీ చదువుతున్నాను. మా వీధి చివర రేకుల షెడ్డు మీద పెంతెకొస్తు మందిరం అని బోర్డు ఉంటుంది. ఇన్నాళ్ళూ అది ఒక శాఖ పేరు అనుకున్నాను. పండుగ అని ఇప్పుడే తెలిసింది. రెండిటికీ సంబంధం ఏమిటి?

పటమట ప్రభు (విజయవాడ)
పండుగ పేరే శాఖకు వచ్చిందండీ. అపొస్తలుల కార్యములు 2లో శిష్యులకు కలిగిన అనుభవం ఈ రోజుకీ విశ్వాసులకు కలుగుతుంది అని నమ్మే సంఘాలు అవి. 1906లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడి ఆధ్వర్యంలో జరిగిన కూడికల నుంచి ఆ ఉద్యమం ప్రపంచమంతా పాకింది. ఆయన తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్ళు. మన దేశంలో దానికి ఏడాది ముందే, 1905లో, పూనా దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో అలాంటి ఉజ్జీవం వచ్చింది. వితంతువులు, అనాథ ఆడపిల్లలు ఉండే చోటు అది. ఆ సంగతి మనవాళ్ళే పెద్దగా చెప్పుకోరు.

గుణదల మరియ (విజయవాడ)
మా కతోలికులకు పెంతెకొస్తు ఆదివారంతో పాస్కా కాలం, అంటే ఈస్టర్ కాలం, ముగుస్తుంది. ఫాదర్ గారు ఎర్ర వస్త్రాలు వేసుకుంటారు, ఆత్మ దిగినప్పుడు శిష్యుల మీద కనబడిన అగ్ని నాలుకలకు గుర్తుగా. ఈస్టర్ రాత్రి వెలిగించిన పాస్కా వత్తిని ఆ తర్వాత పీఠం దగ్గర నుంచి తీసి జ్ఞానస్నానపు తొట్టి పక్కన పెడతారు. చిన్నప్పుడు ఆ వత్తి కనపడకపోతే సెలవులు అయిపోవచ్చాయని దిగులు పట్టుకునేది.

అరండల్‌పేట టీచర్ (గుంటూరు)
మా చర్చిలో కూడా ఆ రోజు బలిపీఠం మీద ఎర్ర గుడ్డే పరుస్తారు మరియ గారూ. రైతుబిడ్డ గారూ, పన సంగతి చదివి నేను కాసేపు అలా ఉండిపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను. ఇంకొక సందేహం. యూదులు ఇప్పటికీ ఆ రొట్టెలు తీసుకెళతారా?

పాత గుంటూరు మాస్టారు
తీసుకెళ్ళడానికి దేవాలయం లేదమ్మా. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశారు. అర్పణ ఆగిపోయింది. కానీ పండుగ ఆగలేదు, అసలు కథ అక్కడే ఉంది.

నిర్గమకాండము 19 మొదటి వచనం ప్రకారం ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన మూడో నెలలో సీనాయి అరణ్యానికి చేరారు. వారాల పండుగ కూడా మూడో నెలలోనే, సీవాను ఆరో తేదీన వస్తుంది. సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం ఇచ్చింది ఆ పండుగ రోజునే అని తోరాలో (ధర్మశాస్త్ర గ్రంథాల్లో) ఎక్కడా లేదు. యూదుల మతగురువులైన రబ్బీలు రెండిటినీ ముడివేశారు. అంతకుముందే, క్రీస్తు పూర్వం రెండో శతాబ్దానికి చెందిన యూబిలీల గ్రంథం అనే యూదుల పాత పుస్తకంలో వారాల పండుగ నోవహు నాటి నిబంధన (దేవుడు చేసిన ఒడంబడిక) పండుగ అని ఉంది. అంటే కోత పండుగను నిబంధనతో కలిపి చూడడం పాత అలవాటే. గుడి పోయాక కోత సంగతి వెనక్కి వెళ్ళి, ధర్మశాస్త్రం ముందుకొచ్చింది. ఈనాడు యూదుల ప్రార్థనల్లో ఆ పండుగ పేరు "మన తోరా ఇయ్యబడిన కాలం".

చేసుకునే తీరు చూస్తే మన జాగారం గుర్తొస్తుంది. రాత్రంతా మేలుకుని గ్రంథం చదువుతారు. 16వ శతాబ్దంలో యోసేఫ్ కారో, ష్లోమో అల్కబెజ్ అనే పండితుల కాలం నుంచి ఈ ఆచారం బాగా వ్యాపించింది. సమాజమందిరాన్ని పచ్చటి ఆకులతో, పూలతో అలంకరిస్తారు. పాలతో, జున్నుతో చేసిన వంటలు తింటారు. మధ్యయుగాల్లో ఐరోపా యూదులు పిల్లలను మొదటిసారి చదువుకు పంపింది కూడా ఈ పండుగకే. పలక మీద అక్షరాలకు తేనె రాసి నాకించేవారు. మనం బియ్యంలో ఓనమాలు దిద్దించినట్టే అనుకోండి.

ఇంకొకటి, పస్కా రెండో రాత్రి నుంచి రోజూ పొద్దుగూకాక నోటితో లెక్క చెబుతారు. "ఈ రోజు 33వ రోజు, అంటే నాలుగు వారాల అయిదు రోజులు" అని. మీ సండే స్కూల్ పిల్లలకు మంచి ఎక్కాల పాఠం.

పటమట ప్రభు (విజయవాడ)
మాస్టారూ, అద్భుతం! దీనికి ఒక వాక్యం కలపనివ్వండి. సీనాయి దగ్గర ధర్మశాస్త్రం వచ్చినప్పుడు బంగారు దూడను పూజించిన పాపం వల్ల మూడు వేలమంది చచ్చారు, నిర్గమ 32:28. పెంతెకొస్తు రోజు పేతురు ప్రసంగంతో మూడు వేలమంది బాప్తిస్మం పొందారు. అక్షరం చంపుతుంది, ఆత్మ బతికిస్తుంది!

పాత గుంటూరు మాస్టారు
ఆ ప్రసంగం నేను కనీసం పదిసార్లు విన్నాను నాయనా. ఒకసారి నేనే చెప్పాను కూడా. చప్పట్లు బాగా పడతాయి. అయినా రెండు మాటలు.

నిర్గమకాండంలో "ఇంచుమించు మూడు వేలమంది" అనే ఉంది, ఒప్పుకుంటాను. కానీ లాటిన్ వల్గేట్‌లో అదే వచనంలో ఇరవై మూడు వేలు అని ఉంది. వెయ్యేళ్ళకు పైగా పశ్చిమ దేశాల క్రైస్తవులు చదివిన బైబిల్ అదే. మీ పోలిక వాళ్ళకు కుదిరేది కాదు. పైగా ఆ మూడు వేలు చచ్చింది ధర్మశాస్త్రం వల్ల కాదు, దూడ దగ్గర జరిగిన గొడవలో.

రెండోది అసలైనది. ధర్మశాస్త్రం అంటే ఉరితాడు అన్నట్టు మనం మాట్లాడతాం. అక్షరానికి తేనె రాసి పిల్లాడి చేత నాకించిన వాళ్ళు దాన్ని అలా చూడలేదు. పేతురు, యాకోబు, యోహాను అందరూ ఆ పండుగను యూదులుగానే ఆచరిస్తూ అక్కడ కూర్చున్నారు. పౌలు సైతం, అంత ప్రయాసలోనూ, పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలని ఓడ ప్రయాణం తొందరపెట్టుకున్నాడు (అపొస్తలుల కార్యములు 20:16).

పటమట ప్రభు (విజయవాడ)
వల్గేట్ సంగతి తెలియదు మాస్టారూ. దెబ్బ కొట్టారు. 😀

గాంధీనగర్ విశ్వాసి (విజయవాడ)
ఇక్కడ గోధుమలు, గ్రంథాలు, తేదీలు చాలా బాగున్నాయి. ఒక్కరైనా పరిశుద్ధాత్మ బాప్తిస్మం గురించి అడిగారా? అన్యభాషల అనుభవం లేకుండా ఎర్ర గుడ్డలు పరిస్తే పెంతెకొస్తు అవుతుందా? పేరు పెట్టుకున్నంత మాత్రాన

అడ్మిన్
పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. దానికి వచ్చిన రెండు జవాబులు కూడా. సంఘాల మీద సంఘాలు ఎక్కవద్దు. వచనం గురించి మాట్లాడండి, మనుషుల రక్షణ గురించి తీర్పులు వద్దు.

సత్యనారాయణపురం రైల్వే
విశ్వాసి గారి ప్రశ్నలో కోపం పక్కనపెడితే విషయం ఉంది. ఆత్మ దిగగానే శిష్యులు రకరకాల భాషల్లో మాట్లాడారు కదా, ఆ భాషల సంగతి ఎవరూ ఎత్తలేదు.

అక్కడ జనం ఎందుకున్నారు? ధర్మశాస్త్రం ప్రకారం మగవాళ్ళంతా దేవుడి సన్నిధికి రావలసిన పండుగలు ఏడాదికి మూడు: పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ. కాబట్టి ఆ పొద్దున యెరూషలేము మన పుష్కరాలప్పటి బెజవాడలా ఉండుంటుంది. అపొస్తలుల కార్యములు రాసిన లూకా వరసగా పేర్లు చెబుతాడు: పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, మెసొపొతమియ, కప్పదొకియ, పొంతు, ఐగుప్తు, లిబియ, రోమా, క్రేతు, అరబీ... నేను రైల్వేలో చేశాను కాబట్టి ఆ లిస్టు చదువుతుంటే అనౌన్స్‌మెంట్ విన్నట్టే ఉంటుంది నాకు. పండుగ ముందే లేకపోతే ఆ జనం లేరు. ఆ జనం లేకపోతే ఆ భాషలు వినేవాళ్ళు లేరు. టీచర్ గారి పిల్లాడికి ఇది చెప్పండి.

ఇక శిష్యుల మాటలు విన్న ఆ జనం అన్నది చూడండి: "మనలో ప్రతివాడు తాను పుట్టిన దేశపుభాషతో వీరు మాటలాడుట మనము వినుచున్నామే". వచ్చినవాళ్ళలో చాలామందికి గ్రీకో అరామిక్కో వచ్చే ఉంటుంది. పని జరిగిపోయేది. అయినా పుట్టిన భాషలోనే వినపడింది.

చాలా ఏళ్ళ కిందట ఎంక్వయిరీ కౌంటర్లో ఉన్నప్పుడు ఒక ఒడియా ముసలావిడ బండి తప్పిపోయి వచ్చింది. నేను హిందీలో అడిగాను, తల ఊపింది గానీ కళ్ళు అలాగే బెదిరి ఉన్నాయి. ఒక కూలీ అన్న, శ్రీకాకుళం వైపు మనిషి, నెత్తి మీద పెట్టె దించకుండానే ఒడియాలో ఏదో అన్నాడు. ఆవిడ అంతసేపూ గుండెలకు అదుముకున్న మూట కింద పెట్టింది. మూట కింద పెట్టాక ఏడ్చింది.

పాత గుంటూరు మాస్టారు
బాగా చెప్పారు. సీనాయి గురించి తల్ముదులో, అంటే రబ్బీల బోధల సంకలనంలో, ఒక మాట ఉంది. దేవుడి నోట వెలువడిన ప్రతి మాటా డెబ్బై భాషలుగా విడిపోయిందట. డెబ్బై అంటే వాళ్ళ లెక్కలో లోకంలోని జాతులన్నీ. అగ్ని, పెద్ద ధ్వని, భాషలు... లూకా రాసిన దృశ్యానికి ఎంత దగ్గరో చూడండి. అయితే తల్ముదు రాతకెక్కింది లూకా తర్వాత కొన్ని శతాబ్దాలకు. ఎవరు ఎవరి దగ్గర విన్నారని పంచాయితీ పెట్టకండి. రెండు ఇళ్ళకూ ఒకటే దూలం, అంతవరకే అంటాను.

బాబెలు గోపురం దగ్గర భాషలు తారుమారైన కథకు ఇది విరుగుడు అని ప్రసంగాల్లో వింటాం. నాకు పూర్తిగా నచ్చదు. విరుగుడైతే అందరికీ ఒకటే భాష రావాలి కదా. ఇక్కడ భాషలన్నీ అలాగే ఉన్నాయి.

గాంధీనగర్ విశ్వాసి (విజయవాడ)
అడ్మిన్ గారూ, తొందరపడ్డాను, క్షమించండి. రైల్వే అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14లో చెప్పిన భాషలు వేరు. అక్కడ వినేవాళ్ళకు అర్థం కాదు, అర్థం చెప్పేవాడు కావాలి. ప్రార్థనలో మా అమ్మ మాట్లాడేది అలాంటిది. నాకు అర్థం కాదు. కానీ మా నాన్న పోయాక ఆవిడ మళ్ళీ మనిషైంది ఆ ప్రార్థనలోనే. అందుకే ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే టెన్షన్ వచ్చేస్తుంది.

సత్యనారాయణపురం రైల్వే
అర్థమైంది తమ్ముడూ. అమ్మగారికి నా వందనాలు చెప్పు.

కృష్ణలంక వాసి
మళ్ళీ బయటివాడి ప్రశ్న. ఇద్దరిదీ యాభయ్యో రోజే అయితే రెండు పండుగలూ ఒకే రోజు రావాలి కదా? నెట్‌లో చూస్తే వేరు వేరు తేదీలు కనబడుతున్నాయి.

పాత గుంటూరు మాస్టారు
లెక్క ఒకటే, మొదలుపెట్టే రోజు వేరు. క్రైస్తవులు ఈస్టర్ ఆదివారాన్ని ఒకటిగా లెక్కపెడితే యాభయ్యోది మళ్ళీ ఆదివారమే. యూదులు పస్కా రెండో రోజు నుంచి, అంటే వాళ్ళ నీసాను నెల 16 నుంచి లెక్కిస్తారు. వారం ఏదైనా కావచ్చు. 2025లో షావూఓత్ జూన్ 2న, క్రైస్తవుల పెంతెకొస్తు జూన్ 8న వచ్చాయి. 2024లో మరీ తేడా: మనది మే 19, వాళ్ళది జూన్ 12. ఆ ఏడు వాళ్ళకు అధికమాసం పడింది, మన పంచాంగంలో అప్పుడప్పుడు పడినట్టే.

దీని మీద దేవాలయం ఉన్న రోజుల్లోనే తగవు ఉంది. "విశ్రాంతిదినమునకు మరునాడు" నుంచి లెక్కించమని లేవీయకాండం. ఏ విశ్రాంతిదినం? వారం వారం వచ్చే శనివారమా, పస్కా పండుగ రోజా? శనివారమే అని పట్టుబట్టినవాళ్ళకు పండుగ ఎప్పుడూ ఆదివారమే. పరిసయ్యులు అనే యూదు వర్గం వాళ్ళు పండుగ రోజు అన్నారు, వాళ్ళ మాటే నిలిచింది.

చేబ్రోలు పక్కన
మాస్టారూ, యూదులు అంటే ఎక్కడో ఇశ్రాయేలులో అనుకుంటున్నారు అందరూ. మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అని కొన్ని కుటుంబాలున్నాయి. తాము ఇశ్రాయేలీయుల్లో ఎఫ్రాయీము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటారు. చిన్న సమాజమందిరం ఉంది, శనివారం విశ్రాంతిదినం పాటిస్తారు. ఇంట్లో మాట్లాడేది మన తెలుగే.

అరండల్‌పేట టీచర్ (గుంటూరు)
గుంటూరు నుంచి అంత దగ్గరలో! ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

సరే, పన సంగతి చదివి ఎందుకు ఉండిపోయానో చెబుతానన్నాను. మా అమ్మమ్మది పొన్నూరు వైపు. కోతలయ్యాక పరిగె ఏరడానికి వెళ్ళేది. పనలెత్తేశాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం. పాత చీర కొంగు ఒడిలా కట్టుకుని, మంచు ఆరకముందే వెళ్ళి, ఎండెక్కేదాకా వంగి ఏరేది. ఒక ఆసామి అయితే ఏరినవన్నీ గట్టు మీద దులిపించుకుని పంపించాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా అమ్మమ్మ చీర కొంగు విదిలించి చూపించేది. ఇంకొకాయన మాత్రం కుప్ప వేసేటప్పుడు కావాలనే నాలుగు కంకులు జారవిడిచేవాడట. ఆయన పేరు తలుచుకోకుండా అమ్మమ్మ ప్రార్థన ముగిసేది కాదు.

రాత్రి లేవీయకాండం 23 తీశాను. పెంతెకొస్తు గురించి చెప్పడం 21వ వచనంతో అయిపోతుంది. వెంటనే 22లో, మీ పంటచేను కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్యమని ఉంది. పండుగల జాబితా మధ్యలో ఇదేమిటి అని ఎప్పుడూ దాటేసి వెళ్ళిపోయాను.

పాత గుంటూరు మాస్టారు
ఆ పండుగకు యూదులు సమాజమందిరంలో చదివే పుస్తకం ఏమిటో తెలుసా అమ్మా? రూతు గ్రంథం. పరదేశి, విధవరాలు, బోయజు చేలో పరిగె ఏరుకున్న మనిషి. ఆవిడ మునిమనవడు దావీదు.

తెనాలి రైతుబిడ్డ
ఇప్పుడు మా వైపు కోత మిషన్ వచ్చాక పరిగె లేదండీ. మిషన్ వెనక నడిచినా గుప్పెడు దొరకదు.

టీచర్ గారూ, మా ఇంటి వసారాలో పిచ్చుకల కోసం వేలాడదీసిన ధాన్యపు కుచ్చు ఉంది. చేత్తో కోసిన వరి కంకులతో మా నాన్న అల్లింది. సగం పిచ్చుకలు తినేశాయి. శనివారం గుంటూరు వస్తున్నాను, కావాలంటే తెస్తాను. పిల్లలకు పన అంటే చూపించొచ్చు.

అరండల్‌పేట టీచర్ (గుంటూరు)
తప్పకుండా తీసుకురండి అన్నయ్యా.

అరండల్‌పేట టీచర్ (గుంటూరు)
ఆదివారం క్లాసు అయింది. కుచ్చు ఆ పిల్లాడి చేతికే ఇచ్చి "అల్లాడించు" అన్నాను. వాడు యాజకుడిలా కాదు, క్రికెట్ బ్యాటులా ఊపాడు. గింజలు గదంతా చెదిరాయి. మిగతావాళ్ళంతా కింద కూర్చుని ఏరడం మొదలుపెట్టారు, నేను చెప్పకుండానే. అప్పుడే రూతు కథ చెప్పాను. శిష్యులు తాగి ఉన్నారని కొందరు ఎగతాళి చేస్తే పేతురు "ప్రొద్దుబొడిచి జామైన కాలేదు" అన్న దగ్గర జాము అంటే ఏమిటని అడిగారు. పొద్దున తొమ్మిదింటికి ఇంకా ఎవరూ తాగి ఉండరని చెబితే, మా వీధిలో ఉంటారు టీచర్ అని ఒకమ్మాయి.

పండుగ ముందు, ఆత్మ తర్వాత అని వాడికి అర్థమైంది. రైల్వే అన్నయ్య చెప్పిన ఒడియా మామ్మ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు.

పోయేటప్పుడు వాడు మళ్ళీ తలుపు దగ్గర ఆగాడు. "రూతు మొత్తం ఎన్ని రోజులు ఏరింది టీచర్? యాభయ్యేనా?" మాస్టారూ, ఏం చెప్పను?

పాత గుంటూరు మాస్టారు
రూతు 2:23 చూడమనండి. యవల కోత, గోధుమల కోత ముగిసేదాకా అని ఉంది, రోజుల లెక్క లేదు. లెక్క వాణ్ణే వేసి తెమ్మనండి.